కండరము ముడుచుకొనుట ఎట్లు?

బావిలో చేద వేసి నీరు తోడుచున్న మనుష్యుని చేతిని ఒకసారి గమనింపుడు. త్రాడు లాగినప్పుడెల్ల మోచేతికి పైనున్న కండ ఉబ్బి గట్టిపడును. త్రాడు వదలినంతనే అది మెత్తబడి సాగును. ఇది మనకు నిత్యపరిచితమైన దృశ్యము. పసిపిల్లలు సయితము చేయి మడిచి తమ కండను తోడివారికి చూపి మురియుదురు. చూచినవారికి మొదట తోచునది కండ పెరిగినదనియే. లోపలికి ఏదో వచ్చి నిండినది కనుక పెరిగినదనుట దాని వెంట వచ్చు తలంపు. ఈ రెండు తలంపులును రమారమి రెండువేల సంవత్సరములు వైద్యశాస్త్రమును ఏలినవి. రెండును పొరపాట్లే.

ఆ పొరపాట్లు ఎట్లు తొలగినవి, వాటి స్థానమున ఏ సత్యము నిలిచినది అనుటయే ఈ ప్రసంగ విషయము. ఈ కథలోని ఒక ముఖ్యఘట్టము భీమవరమున జన్మించిన ఒక ఆంధ్రుని చేతిమీదుగా నడచినది. ఆ ఘట్టము విలువ తెలియవలెనన్న అంతకుముందు జరిగినదియు కొంత తెలిసియుండవలెను.

మన దేహమున ఎముకలను ఆశ్రయించి ఆరువందలకు పైగా కండరములు కలవు. ఎదిగిన పురుషుని బరువులో నూటికి 40 పాళ్లు రమారమి వీనిదే; స్త్రీలలో ఇది కొంత తక్కువ. ఇవి మన ఇచ్ఛకు లోబడి పనిచేయును. ఇచ్ఛకు లోబడనివి రెండు విధములు. ప్రేగులు, రక్తనాళములు, గర్భాశయము మొదలగువాని గోడలలోనున్న నునుపైన కండరములు ఒక విధము. పుట్టుకకు ముందునుండి చివరి క్షణము వరకు విశ్రాంతి యెరుగక కొట్టుకొను హృదయకండరము రెండవ విధము. ఎముకల నంటియున్న కండరములు స్నాయువులనబడు గట్టి తెల్లని త్రాళ్లచేత వానికి బంధింపబడి యుండును.

కండరమునకు లాగుట మాత్రమే తెలియును, నెట్టుట తెలియదు. మనము తలుపును నెట్టునప్పుడు సయితము భుజము వెనుకవైపు కండరము మోచేతిని లాగి చాచుచున్నది. అందుచేతనే కండరములు సాధారణముగా జతలుగా ఉండును. ఒకటి మడుచును, రెండవది చాచును. ఒకటి పనిచేయునప్పుడు రెండవది దారి యిచ్చును.

ఈ కండరములను మన పూర్వులు శ్రద్ధగా పరిశీలించిరి. సుశ్రుతసంహిత శారీరస్థానమున పేశులు 500 అని లెక్క కలదు. కాలు సేతులలో 400, మొండెమున 66, మెడయు దానికి పైభాగమునను 34. లెక్కించిన పద్ధతియు అందే చెప్పబడినది. శవమును గడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమునందుంచి, పారెడు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప వట్టివేరు, వెదురు మొదలగువానితో చేసిన కుంచెలతో మెల్లమెల్లగా గీకుచు పొరవెంట పొర చూడవలెను. కంటితో చూచినది, శాస్త్రమున చదివినది రెండును కలిసిననే వైద్యునకు జ్ఞానము పెంపొందునని ఆ గ్రంథము బోధించును. కదలికకు కారణమేమి యను ప్రశ్నకు మాత్రము ఆయుర్వేదము వాతమును, అందును వ్యానవాయువును చెప్పినది.

పాశ్చాత్యదేశములలోను సమాధానము వాయువే. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున వైద్యుడైన ఎరసిస్ట్రాటసు, కండరములోనికి ప్రాణవాయువు ప్రవేశించి దానిని ఉబ్బించుటచేత అది వెడల్పై పొట్టిదగునని చెప్పెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున పెర్గముము నగరమందు కత్తిసాము వీరులకు వైద్యము చేసిన గేలెను మరికొంత ముందుకు పోయెను. తెగిన గాయములను అతడు నిత్యము చూచినవాడు. జంతువులలో నరమును కోసి, దాని కండరము నిర్జీవమై వ్రేలాడుటను గమనించెను. కాబట్టి ఆజ్ఞ మెదడునుండి నరముల ద్వారమున వచ్చుచున్నదని నిర్ణయించెను. ఇది సత్యము. కాని ఆ వచ్చునది ఒక సూక్ష్మమైన ఆత్మవాయువని కూడ చెప్పెను. గేలెను మాట పదమూడు శతాబ్దములకు పైగా వేదవాక్యముగా చెల్లెను.

1543లో ఆండ్రియాసు వెసేలియసు రచించిన మానవశరీర నిర్మాణ గ్రంథము బేజిలు నగరమున అచ్చుపడెను. అప్పటికి అతనికి 28 సంవత్సరములు. గేలెను కోసి చూచినవి కోతులు మొదలగు జంతువులనియు, అందుచేత మానవదేహమును గూర్చి అతడు పెక్కు తావుల పొరబడెననియు వెసేలియసు చూపెను. ఆ గ్రంథమందలి కండరముల చిత్రములు జగత్ప్రసిద్ధములు. చర్మము లేని మనుష్యులు ఊరిబయట నిలిచినట్లుందురు. పుట త్రిప్పినకొలది ఒక్కొక్క పొర ఊడిపోవుచుండును. కండరముల రూపము అప్పటికి స్పష్టమైనది. కాని అవి ఏల ముడుచుకొనుచున్నవో వెసేలియసునకును తెలియదు. ఒక శతాబ్దము గడచిన తరువాత డెకార్టు అను ఫ్రెంచి తత్త్వవేత్త సయితము నరములు సన్నని గొట్టములనియు, వానిగుండా ప్రవహించిన ఆత్మవాయువు కండరమును తిత్తివలె ఉబ్బించుననియు వ్రాసెను.

ఆ వాదమును పడగొట్టినది ఒక నీటిబొట్టు. హాలెండు దేశీయుడగు యాన్ స్వామర్‌డామ్ కప్పకాలి కండరమును నరముతోకూడ తీసి ఒక గాజుగొట్టమున ఉంచెను. గొట్టము కొన మిక్కిలి సన్నము. అందులో ఒక నీటిబొట్టును నిలిపెను. కండరములోనికి నిజముగా ఏదైన వచ్చి చేరినచో అది పెరుగవలెను. పెరిగినచో గొట్టములోని గాలి నొక్కబడి నీటిబొట్టు పైకి పోవలెను. సన్నని తీగతో నరమును కదల్పగా కండరము ముడుచుకొన్నది. నీటిబొట్టు పైకి పోలేదు. 1680లో స్వామర్‌డామ్ మరణించెను. ఈ ప్రయోగవివరము అర్ధశతాబ్దమునకు పైగా వ్రాతలోనే యుండి, 1737, 1738 సంవత్సరములలోగాని అచ్చున వెలువడలేదు.

ఈలోగా ఇంగ్లండున ఫ్రాన్సిస్ గ్లిసన్ మనుష్యునిమీదనే ఇట్టి పరీక్షను 1677లో ప్రకటించెను. బలిష్ఠుడైన ఒకని చేతిని పొడవైన గాజుపాత్రలో నీటియందుంచి, పిడికిలి బిగింపుమనగా నీటిమట్టము పెరుగకపోగా కొలదిగా తగ్గినది. డెన్మార్కు దేశీయుడగు స్టెనో 1667లోనే రేఖాగణితమువలన ఇదే విషయమును సాధించియుండెను. రొట్టెపిండి ముద్దను రెండుకొనల నొక్కినచో నిడివి తగ్గి లావు పెరుగును. పిండి మాత్రము ఉన్నంతే యుండును. కండయు అంతే. అది ఉబ్బినట్లు కనిపించుచున్నదే కాని పెరుగుటలేదు. లోపలికి వచ్చి నిండునది ఏదియు లేదు.

అదే కాలమున ఇటలీలో బొరెల్లి కండరములను తులాదండముల లెక్కకు తెచ్చెను. అతని గ్రంథము 1680, 1681 సంవత్సరములలో వెలువడినది. ముంజేతిని మడుచు కండరము మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరముననే ఎముకకు అంటియుండును. బరువుండు అరచేయి అంతకు ఏడెనిమిది రెట్ల దూరమున నుండును. కాబట్టి చేతిలో 5 కిలోల బరువు నిలిపినప్పుడు కండరము 35 మొదలు 40 కిలోల బరువునకు సరిపడు బలముతో లాగవలెను. ఇది నష్టమువలె కనిపించును. కాని కండరము కొంచెము కదలినంతనే అరచేయి చాల దూరము, చాల వేగముగా కదలును. బలమును వెచ్చించి ప్రకృతి వేగమును కొన్నది.

వాయువు పోయినది. దాని తావున ఏమి నిలుపవలెను? స్విట్జర్లండు దేశీయుడగు హాలరు 1750 ప్రాంతమున, ముడుచుకొనుశక్తి కండరమునకు సహజమనియు, నరము దానిని మేల్కొల్పుననియు నిరూపించెను. మేల్కొల్పునది విద్యుత్తు అను సంగతికి 1791లో బొలోన్యా నగరమున గాల్వానీ ప్రకటించిన కప్పకాళ్ల ప్రయోగములు దారితీసినవి. 1850లో హెల్మ్‌హోల్ట్జు కప్పనరమున ఆజ్ఞ పోవు వేగమును కొలిచెను. సెకనుకు 25 మొదలు 38 మీటర్లని తేలెను. ఆత్మవాయువునకు వేగము నిర్ణయించుటకు ఎవరును సాహసించి యుండలేదు. దీనికి కొలత దొరికినది.

సూక్ష్మదర్శినియు తన వంతు పని చేసినది. కండరమును విప్పిన కట్టలు, కట్టలను విప్పిన పోగులు కానవచ్చును. ఒక్కొక్క పోగు ఒక్కొక్క జీవకణము. దాని లావు మిల్లీమీటరులో పదవ వంతునకు మించదు. నిడివి పెక్కు సెంటీమీటర్లుండవచ్చును. పోగునకు అడ్డముగా నల్లని, తెల్లని చారలు వరుసగా ఉండును. లండనులో బౌమన్ 1840లో వీనిని వివరముగా వర్ణించెను. కండరమునుండి తీసిన ఒక మాంసకృత్తునకు కూహ్నే 1864లో మయోసిన్ అని పేరు పెట్టెను. ఆ చారల అర్థము మాత్రము మరి తొంబది సంవత్సరములవరకు తెలియలేదు.

ఇక మిగిలినది ఇంధనపు ప్రశ్న. బరువు ఎత్తినచో శక్తి వ్యయమగును. ఆ శక్తి ఎచ్చటినుండి వచ్చుచున్నది? కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్సు అనువారు అలసిన కప్పకండరమున లాక్టిక్ ఆమ్లము, అనగా పెరుగు పులుపునకు కారణమగు ఆమ్లము, చేరుననియు, ప్రాణవాయువు అందించినచో అది తగ్గిపోవుననియు 1907లో చూపిరి. ఇంగ్లండున ఏ.వి.హిల్ కండరమున పుట్టు వేడిని అతిసూక్ష్మముగా కొలిచెను. జర్మనీలో మాయర్‌హాఫ్ ఆ ఆమ్లమునకును ప్రాణవాయు వ్యయమునకును గల సంబంధమును లెక్కగట్టెను. వీరిరువురకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే కండరము ముడుచుకొనుటకు కారణమను సిద్ధాంతము అటుపై స్థిరపడెను. ఇక సందేహింపవలసిన దేమియు లేదని శాస్త్రజ్ఞులు తలచిరి.

1922 సంవత్సరముననే ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. వారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివిరి. స్వదేశీదీక్ష పూని శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు ధరించి పోయినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, కోరిన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రము పొందిరి. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించిరి. సోదరుని బలిగొన్న సంగ్రహణి తమను సయితము మృత్యుముఖమునకు కొనిపోగా, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రతికిరి. హార్వర్డున చదువుకొనుచు, పొట్టగడచుటకై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేసిరి. తరువాత అచ్చటనే జీవరసాయనశాఖలో సైరసు ఫిస్కె అను ఆచార్యునితో పరిశోధనకు పూనుకొనిరి.

వారు మొదట తలపెట్టినది కండరమును గూర్చిన సిద్ధాంతము కాదు, కొలిచెడు పద్ధతి. రక్తము మొదలగువానిలో భాస్వరము, అనగా ఫాస్ఫేటు, ఎంత కలదో సులభముగా కొలుచుట ఎట్లు? ద్రవమున మాలిబ్డేటు అను లవణమును, దానితో మరియొక రసాయనమును కలిపినచో, ఫాస్ఫేటు ఉన్నకొలది నీలవర్ణము వచ్చును. ఆ నీలపు గాఢతను తెలిసిన ప్రమాణముతో పోల్చి పాళ్లు చెప్పవచ్చును. 1925లో ప్రకటింపబడిన ఈ ఫిస్కె-సుబ్బారావు పద్ధతి ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటికిని నిత్యకృత్యమయ్యెను.

ఈ పద్ధతితో వారు పిల్లికండరమును పరీక్షింపగా ఒక చిన్న వింత కనబడినది. ఇతరద్రవములలో నీలవర్ణము త్వరలో వచ్చి నిలుచును. కండరపు ద్రవమున మొదట లేతగా వచ్చి, తరువాత క్రమముగా ముదురుచుండెను. మరియొకరైనచో రసాయనము మంచిది కాదని దానిని పారబోసి, మరల కలిపియుందురు. వీరు ఆ ఆలస్యమునకు కారణమేమని యోచించిరి. ఫాస్ఫేటు మొదటినుండియు విడిగా ఉండినచో రంగు ఆలస్యము కారాదు. అది వేరొక పదార్థమున బందీయై యుండి, ఆమ్లము తగిలినకొలది కొంచెము కొంచెముగా విడుదలయగుచుండవలెను. ఆ వేరొక పదార్థము క్రియాటిన్ అని తేలినది. రెండును కలిసిన ఈ సమ్మేళనమునకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. కండరము పనిచేసినప్పుడు ఇది తరిగిపోవుచున్నది. విశ్రాంతి పొందినప్పుడు మరల ఏర్పడుచున్నది. ఈ విషయమును వారు 1927లో ప్రకటించిరి. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు వేరు మార్గమున ఈ పదార్థమును గుర్తించిరి. 1929లో ఫిస్కె, సుబ్బారావుగార్లు కండరమునుండి మరియొక పదార్థమును వేరుచేసిరి. అదియే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, సంగ్రహముగా ఏ.టి.పి. అందురు. అదే సంవత్సరమున జర్మనీలో, మాయర్‌హాఫ్ ప్రయోగశాలయందే, లోమన్ కూడ దానిని కనుగొనెను.

లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతమునకు చివరి దెబ్బ 1930లో డెన్మార్కునుండి తగిలినది. లుండ్స్‌గార్డ్ అను వైద్యుడు కండరమున ఆ ఆమ్లము పుట్టకుండునట్లు ఒక విషమును ప్రయోగించెను. సిద్ధాంతము నిజమైనచో కండరము కదలరాదు. అది పెక్కు పర్యాయములు ముడుచుకొన్నది. ఆమ్లము పుట్టలేదు, ఫాస్ఫోక్రియాటిన్ మాత్రము పనికి తగినట్లు తరిగినది. అది ముగిసిన పిదపనే కండరము కట్టెవలె బిగిసిపోయినది.

ఇచ్చట చెప్పదగిన విశేష మొకటి కలదు. పడిపోయినది నోబెల్ బహుమానము నొందినవారి సిద్ధాంతము. హిల్ దానిని కాపాడుకొన యత్నింపలేదు. 1932లో తానే కండర శరీరధర్మశాస్త్రమున విప్లవము వచ్చినదని శీర్షిక పెట్టి వ్యాసము వ్రాసెను. మాయర్‌హాఫ్ ప్రయోగశాలయు క్రొత్తదారినే పట్టినది. అచ్చటనే లోమన్ 1934లో, ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటునిచ్చి, వ్యయమైన ఏ.టి.పి.ని పునరుద్ధరించునని చూపెను. గృహస్థుని భాషలో చెప్పవలెనన్న ఏ.టి.పి. చేతిలోని చిల్లర, రెండు మూడు క్షణములకే సరిపోవును. ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలోని పైకము. మరి కొలది క్షణములు ఆదుకొనును. గ్లైకోజన్, క్రొవ్వు గాదెలోని ధాన్యము. వానిని మార్చి పైకము చేయుటకు వ్యవధి కావలెను.

ఏ.టి.పి. దేనిని కదలించుచున్నది? మయోసిన్‌యే దానిని విడగొట్టుచున్నదని 1939లో మాస్కో శాస్త్రజ్ఞులు ఎంగెల్‌హార్ట్, ల్యుబీమోవా కనుగొనిరి. యుద్ధకాలమున హంగరీలో సెంట్-జ్యోర్జీ శిష్యుడగు స్ట్రాబ్, ఆక్టిన్ అను రెండవ మాంసకృత్తును వేరుచేసెను. ఈ రెండింటితో చేసిన దారమును ఏ.టి.పి. ద్రవమున వేయగా, ప్రాణము లేని ఆ దారము గిన్నెలోనే ముడుచుకొన్నది. పిమ్మట 1954 మే 22న ఒకే పత్రికలో రెండు వ్యాసములు వెలువడినవి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడెర్‌గెర్కె రచించినది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రచించినది. ఈ ఇద్దరు హక్స్‌లీలకును బంధుత్వము లేదు. చారల రహస్యమును ఈ వ్యాసములు విప్పినవి. మయోసిన్ తంతువులు లావైనవి, ఆక్టిన్ తంతువులు సన్ననివి. ఇవి రెండు చేతుల వ్రేళ్లవలె ఒండొంటి నడుమ అమరియున్నవి. కండరము ముడుచుకొనునప్పుడు ఏ తంతువును పొట్టిది కాదు. సన్ననివి లావువాని నడుమకు జారును.

జరుపునది మయోసిన్ తలలు. ఒక్కొక్క తల ఆక్టిన్‌ను పట్టి, ఇంచుమించు మిల్లీమీటరులో లక్షవ వంతు లాగి, ఏ.టి.పి. వచ్చినప్పుడు వదలి, మరల పట్టును. ఒక్కొక్క చారల ఖండము మిల్లీమీటరులో నాలుగువందల వంతు. 10 సెంటీమీటర్ల పోగులో అట్టివి 40,000 వరుసగా నుండును. ఇన్ని అణుప్రమాణపు జారుడులు కలిసి మనకు కనబడు కదలికయగును. ఈ పట్టును ఆరంభింపజేయునది సున్నపు ధాతువగు కాల్షియము.

పట్టు వదలుటకును ఏ.టి.పి. అవసరమను సంగతి ఆలోచింపదగినది. మరణానంతరము కొన్ని గంటలకు దేహము కొయ్యబారుటకు ఇదియే కారణము. ఏ.టి.పి. తరిగిపోవును, పట్టిన తలలు వదలలేవు. బిగియుటకే కాదు, సడలుటకును ప్రాణమే కావలెను.

ఈ జ్ఞానము గ్రంథాలయములకు మాత్రమే పరిమితమైనది కాదు. మూత్రపిండముల స్థితి తెలిసికొనుటకు చేయు రక్తపరీక్షలో కొలుచు క్రియాటినిన్ అను పదార్థము కండరమందలి క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుండియే పుట్టును. కండ క్షీణించిన వృద్ధులలో అది తక్కువగా పుట్టును గనుక, అంకె బాగున్నను మూత్రపిండములు బాగుండకపోవచ్చునని వైద్యులు జాగ్రత్త వహింతురు. శ్రమించిన మరునాటి నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమని నేటికిని పలువురు అందురు. పని ముగిసిన గంట రెండు గంటలలో అది తొలగిపోవును. హృదయమునకు అది ఆహారముకూడ. మరునాటి నొప్పి అలవాటులేని శ్రమవలన పోగులకు కలుగు సూక్ష్మమైన గాయములది.

సుబ్బారావుగారు 1940లో ఔషధపరిశోధనకు మరలి, అచ్చటను మహత్కార్యములు సాధించి, మాతృదేశమునకు తిరిగిరాకయే 1948 ఆగస్టులో అమెరికాలో పరమపదించిరి. వారి శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ల వెలువరించినది. వారి ఔషధములను గూర్చి మనము అప్పుడప్పుడు వినుచుందుము. కండరమును గూర్చిన వారి కృషిని స్మరించుట అరుదు.

బావికడ నీరు తోడువాని చేతిని మరల ఒకసారి తలచుకొనుడు. చేద ఒక మూర పైకి వచ్చులోపల లెక్కకందని తలలు పట్టి, లాగి, వదలినవి, ఏ.టి.పి. విరిగి, ఫాస్ఫోక్రియాటిన్‌చేత మరల అతుకబడినది. పైకి ఉబ్బినట్లు కనిపించిన ఆ కండలోనికి వచ్చి నిండినది ఏదియు లేదని ఒక నీటిబొట్టు తెలిపినది. దానిలో వ్యయమగుచున్నది ఏదో, ఆలస్యముగా ముదిరిన ఒక నీలవర్ణము తెలిపినది.